ఆ రంధ్రం ప్రభుత్వానిది

కళాకారులకు ఒక జబ్బు వస్తుందనీ, అది వచ్చినవాడు చెయ్యి ఆడక, బుర్ర కదలక, గోడకేసి చూస్తూ కూర్చుంటాడనీ సాంస్కృతిక వ్యవహారాల ఉన్నతాధికారి ఒకాయనకు ఈ మధ్యనే తెలిసింది. ఎక్కడో చల్లటి కొండ ఊళ్ళో మూడు రోజుల సదస్సుకు వెళితే అక్కడ చెప్పారు. గోడకేసి చూస్తూ కూర్చోవడం ఆయన ఆఫీసులో అందరూ చేసే పనే కాబట్టి అంతవరకూ అది జబ్బేమోనన్న అనుమానం రాలేదు. సదస్సులో దానికి పేరుంది, దశలున్నాయి, రంగురంగుల పటాలున్నాయి. తిరిగి రాగానే ఈ జబ్బుతో మన దగ్గర ఎంతమంది ఉన్నారని కిందివాళ్ళను అడిగారు. ఒక్కరూ లేరని జవాబొచ్చింది. ఇంత పెద్ద రాష్ట్రంలో ఒక్కడంటే ఒక్కడు లేకపోవడమేమిటి, ఎంత అప్రతిష్ఠ! నెల తిరక్కుండా ‘కళా ప్రతిష్టంభన నివారణ విభాగం’ పుట్టుకొచ్చింది. జిల్లాకొక డిప్యూటీ డైరెక్టరు, పరిశీలకులు, రికార్డు గది, గుమ్మానికి పచ్చ బోర్డు అన్నీ అమిరాయి. ఇక రోగులు దొరకడమే తరువాయి.

రోగిని పట్టుకోవడానికి ఒక నిబంధన కూడా రాశారు. “ముప్పది దినములకు మించి పూర్తికాని పని ఏ కళాకారుని ఇంట నున్ననూ సదరు కళాకారుడు ప్రతిష్టంభనకు గురైనట్లు భావించవలెను. అట్టివాడు విముక్తి ధ్రువపత్రము పొందునంతవరకు బహిరంగ ప్రదర్శనలకు అనర్హుడు.”

తుమ్మలకుంటపల్లి కుళ్ళాయప్పకు ఈ సంగతులేవీ తెలియవు. ఆయనకు తెలిసిందల్లా తోలుబొమ్మలు చెయ్యడం, ఆడించడం. అరవై రెండేళ్ళ మనిషి. మేకతోలు గీకి, కాగితంలా పల్చన చేసి, బొమ్మ గీసి, రంగులద్ది, నగలున్న చోటల్లా ఉలితో సన్నటి బెజ్జాలు కొడితే, వెనక దీపం పెట్టినప్పుడు ఆ బెజ్జాల్లోంచి వెలుతురొచ్చి హారాలు, వంకీలు ధగధగా మెరిసిపోతాయి. వాళ్ళ వంశంలో రెండు ఆచారాలున్నాయి. మొదటిది, కన్ను అన్నిటికంటే చివర పెట్టాలి, అదీ బొమ్మ గొంతు దొరికిన తరవాతే. రెండోది, పక్కకు తిరిగిన ముఖానికి ఆ ఒక్క కన్నే బెజ్జం, ఇంకోటి పెట్టకూడదు. ఎందుకని కుళ్ళాయప్ప వాళ్ళ నాయన్ని అడగలేదు. వాళ్ళ నాయన ఆయన నాయన్ని అడిగాడో లేదో తెలియదు. అందుకే ముక్కుకు పెట్టే నగలన్నీ రంగుతో దిద్దడమే గాని ఉలి తగిలేది కాదు.

ఇప్పుడు గోడకు వేలాడుతున్న బొమ్మ ఆయన భార్య అంజినమ్మది. పోయిన ఏడాది జ్వరమొచ్చి పోయింది. ముప్పై నాలుగేళ్ళు ఆయన బొమ్మలాడిస్తే ఆమె పక్కన కూర్చుని ఆడగొంతులన్నీ పాడింది. రాణి ఏడ్చినా ఆమే, దాసి తిట్టినా ఆమే. ఊరూరూ ఆమె పాట విన్నది గాని ఆమె పాడుతుండగా చూసినవాడు ఒక్కడూ లేడు. తెర వెనక మనిషి కదా. వచ్చే నెల పదహారున ఆమె సంవత్సరికం. ఆ రోజు ఊళ్ళో ఆట కట్టి ఆమెను ఒక్కసారన్నా తెర మీదికి తేవాలని కుళ్ళాయప్ప పట్టుదల. బతికుండగా చేయించలేని నగలన్నీ బొమ్మకు చేశాడు. ఏడు పేటల హారం, వడ్డాణం, నాగరం, చెవులకు దుద్దులు, అన్నీ పెట్టాడు. కన్ను మాత్రం రావడం లేదు. కళ్ళు మూసుకుంటే మనిషంతా కనిపిస్తుంది గాని, కళ్ళ దగ్గరికి వచ్చేసరికి ఏమీ కనిపించదు. ముప్పై నాలుగేళ్ళు కాపురం చేసి పెళ్ళాం కళ్ళు ఎలా ఉండేవో గుర్తు లేదంటే ఎవరితో చెప్పుకుంటాడు? సిగ్గుతో, దిగులుతో రోజూ ఆ బొమ్మ ముందు కూర్చుని ఆమె పాటలే కూనిరాగం తీస్తూ చూస్తుండేవాడు.

సరిగ్గా అలా చూస్తుండగా పరిశీలకుడు నిత్యానందం మోటారు సైకిల్ దిగాడు. ముప్పై అయిదేళ్ళవాడు, మంచివాడు, శిక్షణలో చెప్పిందంతా నమ్మినవాడు. ఉద్యోగంలో చేరి మూడు నెలలైనా ఒక్క రోగీ దొరకలేదు.

“ఈ బొమ్మకు కన్నేదండీ?” అన్నాడు.

“ఇంకా పెట్టలేదు సార్.”

“ఎందుకు పెట్టలేదు?”

“రాలేదు సార్.”

నిత్యానందం ముఖం చింకి చేటంతయింది. అచ్చంగా ఈ మాటే శిక్షణ పుస్తకం నాలుగో పేజీలో ఉంది.

“ఎన్నాళ్ళ నుంచి రావడం లేదు?”

“నాలుగు నెలలవుతాంది.”

“మీరేం బాధపడకండి. ఇందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. పెద్ద పెద్దవాళ్ళకే వస్తుంది.”

“నాకేం రాలేదు సార్. కన్నే రాలేదు.”

“మరి ఈ నాలుగు నెలలూ ఏం చేస్తున్నారు?”

“చూస్తాండాను.”

బొమ్మ గోడకుంది కాబట్టి నిత్యానందం ‘రోగి గోడకేసి చూచుచున్నాడు’ అని రాసుకున్నాడు. లోపల్నుంచి కుళ్ళాయప్ప కూతురు కదిరమ్మ మంచినీళ్ళు తెచ్చింది. మొగుడు బట్టల మిల్లులో పనికి పోతే పగలంతా ఈమె ఇక్కడే ఉండి నాయన్ని చూసుకుంటుంది. తల్లి పాటలన్నీ ఈమెకొచ్చు. నాయన్ని ఆదుకుందామనుకుంది పాపం.

“మా నాయన ఎప్పుడూ ఇంతే సార్. గొంతు దొరికినాకనే కన్ను పెడతాడు. ఒక బొమ్మకైతే రెండేండ్లు పట్టింది. మా జేజినాయన కూడా ఇట్లనే చేసేవాడంట.”

‘దీర్ఘకాలికము, వంశపారంపర్యము’ అని ఇంకో రెండు ముక్కలు చేర్చాడు నిత్యానందం. చివరికి గళ్ళన్నీ నింపి లెక్క చూస్తే ‘మొండి ప్రతిష్టంభన, మూడో దశ’ అని తేలింది. జిల్లాలో మొదటి కేసే మూడో దశ! ఆయన సంతోషం పట్టలేక కుళ్ళాయప్ప చెయ్యి పట్టుకుని ఊపాడు.

“వారం రోజులు శిబిరం ఉంటుంది. చికిత్స కాలంలో ఉలి పట్టకూడదు. కాలు విరిగినవాణ్ణి నడవనిస్తామా చెప్పండి? బొమ్మను సాక్ష్యంగా తీసుకెళ్ళాలి. మూడు రోజుల్లో ఇచ్చేస్తాం.”

“బొమ్మ ఈను సార్. పదారో తేదీకి ఆట ఉండాది.”

“ధ్రువపత్రం లేకుండా ఆట ఆడకూడదు. బొమ్మ ఇవ్వకుండా ధ్రువపత్రం రాదు. మీ ఇష్టం.”

ఏం చేస్తాడు? అంజినమ్మ పాత చీరలో బొమ్మను చుట్టి, పసిబిడ్డను అందించినట్టు అందించాడు. “మడవొద్దు సార్. తడపొద్దు. మీద బరువు పెట్టొద్దు” అని మూడుసార్లు చెప్పాడు. నిత్యానందం మూడుసార్లూ తలూపి, ముప్పై అయిదు కిలోమీటర్లు మోటారు సైకిల్ మెల్లగా నడుపుకుంటూ, ఒక చేత్తో బొమ్మను గుండెకు ఆనించుకుని తీసుకెళ్ళాడు. ఆయన వరకూ ఆయన తప్పేమీ లేదు.

శిబిరం జిల్లా కేంద్రంలో. మొదటివాడు దొరికాక మిగతావాళ్ళను పట్టడమెంతసేపు, నాలుగు రోజులు తిరక్కుండా నలభై ఒక్కమంది రోగులు. ఒకాయన నిలువెత్తు చిత్రం మొదలుపెట్టి వానాకాలం వల్ల రంగు ఆరక ఆపినవాడు. ఒకామె కూతురి కాన్పు కోసం గొబ్బి పాటలు సేకరించడం వాయిదా వేసుకున్నది. కుళ్ళాయప్ప పక్కన సన్నాయి వాయించే చౌడప్ప కూర్చున్నాడు.

“నిన్నేంటికి పట్టుకొచ్చినారు?” అన్నాడు కుళ్ళాయప్ప.

“పెండ్లిలో వాయిస్తాంటే నడమ నడమ ఆపినానంట. గడియారం పెట్టి చూసినారు.”

“ఏంటికాపినావు?”

“ఊపిరి తీసుకోవాల గదప్పా!”

ఆ మాటే చౌడప్ప రాతపూర్వకంగా ఇచ్చుకున్నాడట. ‘రోగి తన స్థితిని నిరాకరించుచున్నాడు’ అని దాని మీద రాశారట.

స్ఫూర్తి నిపుణుడు వచ్చాడు. పట్నం పిల్లవాడు, పొడుగాటి జుబ్బా, మెళ్ళో మైకు. అందర్నీ కళ్ళు మూసుకోమన్నాడు.

“ఇప్పుడు మీ ఎదురుగా ఒక జలపాతం ఉంది. కనిపిస్తోందా?”

నలభై ఒక్కమందీ ఒక కన్ను తెరిచి పక్కవాళ్ళను చూశారు.

“పోనీ, నిండుగా పారే నది?”

“సార్, మా పక్క బోర్లలోనే నీళ్ళు లేవు” అన్నాడు చౌడప్ప.

“అయితే వాన ఊహించుకోండి.”

“అది ప్రతి ఏడూ ఊహించుకుంటానే ఉండాం సార్.”

అక్కడ ఒక రిజిస్టరు కూడా పెట్టారు. పేరు, సంతకం, స్ఫూర్తి వచ్చిన సమయం. ఏడు రోజులూ నలభై ఒక్కమందికీ పదకొండుంబావుకే స్ఫూర్తి వచ్చింది. టీ వచ్చేది అప్పుడే. డిప్యూటీ డైరెక్టరు సర్వోత్తమరావుగారు ఆ రిజిస్టరు తిరగేసి, జిల్లా కళాకారులలో ఇంతటి సమయపాలన ఉన్నందుకు హర్షం ప్రకటించారు. శిబిరం ముగిసిన రోజున అందరికీ పరీక్ష పెట్టారు. ఒక్కరికీ ప్రతిష్టంభన తొలగలేదు. రంగు ఆరనాయనకు ఇంకా ఆరలేదు. చౌడప్ప ఇంకా ఊపిరి తీసుకుంటూనే ఉన్నాడు.

మూడు రోజుల్లో వస్తుందన్న బొమ్మ పది రోజులైనా రాలేదు. కుళ్ళాయప్ప కూతుర్ని వెంటబెట్టుకుని ఆఫీసుకు వెళ్ళాడు. రికార్డు గదిలో మస్తానయ్య ఉన్నాడు. ఇరవై ఎనిమిదేళ్ళ సర్వీసులో తన గదిలోకి వచ్చిన దేన్నీ ఫైలు చెయ్యకుండా వదలని మనిషి. లేచి, బీరువా తీసి, ఒక పెద్ద అట్టల కట్ట తెచ్చి బల్ల మీద పెట్టి, గర్వంగా విప్పాడు.

మొదట బొమ్మ ఇప్పించమని కుళ్ళాయప్ప పెట్టుకున్న అర్జీ. దాని వెనక శిబిరం హాజరు నకలు. దాని వెనక అంజినమ్మ. అర్జీలోంచి, నకల్లోంచి దూరి వచ్చిన ఎర్ర ట్యాగు ఆమె ముక్కులోంచి దూరి వెనక ముడిపడి ఉంది. ముక్కుతాడు వేసినట్టు!

కుళ్ళాయప్ప రెండు చేతులూ బల్ల మీద మోపి విరుచుకుపడ్డాడు.

“ఏంది సామీ ఇది? నా పెండ్లాం ముక్కుకు తాడేస్తారా? ఎద్దనుకున్నారా, ఎనుమనుకున్నారా? ముప్పై నాలుగేండ్లు కాపురం చేసి ఒక్కనాడు నేను ఆమెను కసిరింది లేదే! మొగానికి కన్నొక్కటే బెజ్జమని మా తాతల కాడ్నుంచి కాపాడుకొస్తాంటే మీ ఇష్టమొచ్చినట్ల పొడిచేస్తారా? చేతులెట్లాడినయ్యప్పా మీకు?”

మస్తానయ్య హడలిపోయాడు. “మీ ఆవిడని నాకు తెలియదయ్యా! ఇన్‌వార్డులో ‘తోలు వస్తువు, ఒకటి’ అని ఉంది. ఏదొచ్చినా పై ఎడమ మూల పంచ్ కొట్టి ట్యాగు వెయ్యాలి, అది రూలు. దీనికి మూల లేదు. పై ఎడమవైపు ఏముందా అని చూస్తే ముక్కుంది. కాగితం కాదు కదా, పంచింగ్ మిషన్ దిగలేదు. బల్లెక్కి దాని మీద కూర్చోవాల్సొచ్చింది” అన్నాడు. ఆ మాటల్లో కష్టపడి పనిచేసినవాడి బాధ ఉంది.

కదిరమ్మ వలవలా ఏడ్చేసింది. కుళ్ళాయప్ప ట్యాగు మీద చెయ్యి వేస్తే మస్తానయ్య అడ్డం పడ్డాడు. ఫైల్లోంచి పుట తియ్యాలంటే పైనుంచి ఉత్తర్వు కావాలి. తండ్రీకూతుళ్ళిద్దరూ సర్వోత్తమరావుగారి గదికి వెళ్ళారు.

సర్వోత్తమరావుగారు అంతా విని, కళ్ళజోడు తుడుచుకుని, చట్టప్రకారం ఆలోచించారు. “చూడండి కుళ్ళాయప్పగారూ, మీ ఆవేదనను విభాగం గమనంలోకి తీసుకుంటున్నది. అయితే విముక్తి ధ్రువపత్రము జారీ అయిన పిమ్మట గాని సదరు వస్తువును విడుదల చేయుటకు వీలుపడదు. పూర్తి అయిన పనిని చూపిన పిమ్మట గాని ధ్రువపత్రము జారీ చేయుటకు వీలుపడదు.”

“బొమ్మ చేతికిస్తేనే గద సార్ పూర్తి చేసేది?”

“ఆ విషయం నిబంధనలలో ప్రస్తావించబడలేదు.”

“మరి నేనేం చేయాల సార్?”

“సహకరించాలి.”

తొమ్మిది రోజులు తిరిగాడు. బస్సెక్కడం, బెంచీ మీద కూర్చోవడం, సహకరించడం, బస్సెక్కడం. తాతల నాటి నిబంధన పాడైపోయింది కాబట్టి బొమ్మ ఎందుకూ పనికిరాదని ఒక మనసు అనేది. పాడైనా సరే, ఆమె ఆ బీరువాలో ఎన్నాళ్ళుంటుందని ఇంకో మనసు అనేది. తెర వెనక నుంచి తీసి తెర మీదికి తెద్దామనుకున్న మనిషిని తీసుకొచ్చి అట్టల వెనక పెట్టించాను కదా అని ఇంటికొచ్చి కుమిలిపోయేవాడు. అన్నం ముందు పెట్టుకుని అలాగే ఉండిపోయేవాడు.

పద్నాలుగో తేదీ వచ్చింది. అదే సమయానికి పైనుంచి సర్వోత్తమరావుగారికి ఒక టెలిఫోను కూడా వచ్చింది. ఇన్ని జిల్లాలు, ఇంత సిబ్బంది, ఇంతవరకూ నయమైన రోగి ఒక్కడన్నా ఉన్నాడా అని. ఆయన బయటికొచ్చి బెంచీ మీద కుళ్ళాయప్పను చూసి, చాలా కాలంగా వెతుకుతున్న వస్తువు దొరికినట్టు నవ్వారు.

“ప్రత్యేక సందర్భముగా పరిగణించి, ఈ దినము మధ్యాహ్నము మూడు గంటల నుండి నాలుగు గంటల వరకు, కార్యాలయ ఆవరణలో, సిబ్బంది సమక్షములో ప్రతిష్టంభన తొలగించుకొనుటకు మీకు అనుమతి ఇవ్వడమైనది.”

“గంటలోనా సార్?”

“నాలుగున్నరకు నేను వేరే సమావేశానికి వెళ్ళాలి.”

మూడింటికి బల్ల వేశారు. చికిత్స పేరుతో శిబిరంలో జమ చేసుకున్న ఉలిని సంతకం పెట్టించుకుని ఇచ్చారు. మస్తానయ్య ట్యాగు విప్పి, ‘మూడో పుట తాత్కాలికముగా తీయబడినది’ అని రాసుకుని, రెండు చేతులతో బొమ్మను అందించాడు. చుట్టూ సర్వోత్తమరావుగారు, నిత్యానందం, ఇద్దరు గుమాస్తాలు, చేతిలో గడియారాలు. నెత్తి మీద ట్యూబులైటు.

“ఆ లైటు ఆపితే మేలు సార్. బొమ్మ కనపడదు” అన్నాడు కుళ్ళాయప్ప.

“లైటు వెలుగుతుంటే కనపడదంటారేమిటి?” అని సర్వోత్తమరావుగారు ఆశ్చర్యపోయి, దాన్ని ‘లక్షణములు’ అన్న గడిలో రాయించారు. ఇంతలో కరెంటే పోయింది. ఈ మొత్తం వ్యవహారంలో కుళ్ళాయప్పకు సర్కారు వారు చేసిన రెండో సహాయం అది. మొదటిది అప్పటికే జరిగిపోయింది గాని ఆ సంగతి ఇంకా ఎవరికీ తెలియదు.

గది మసకయింది. పడమటి కిటికీలోంచి ఎండ వస్తోంది. కుళ్ళాయప్ప అలవాటు కొద్దీ బొమ్మను వెలుగుకు అడ్డంగా ఎత్తి పట్టుకున్నాడు. హారం వెలిగింది. వడ్డాణం వెలిగింది. ఆ పైన, ముక్కు మీద, కందిబేడంత చోట, చుక్క వెలిగింది.

ఇదేమిటని బొమ్మను వెనక్కి వాల్చాడు. గడ్డం కాస్త పైకి లేచింది. చుక్క తళుక్కుమంది.

అంజినమ్మకున్న ఒకే ఒక్క నగ ఆ ముక్కుపుడక. తిరునాళ్ళలో కొన్న ఉత్త గాజురాయి. తెర వెనక దీపానికి ఎడం పక్కన కూర్చునేది. పాట ఎత్తుకునే ముందు గడ్డం పైకెత్తేది, రాయి తళుక్కుమనేది, అదే గుర్తుగా ఈయన బొమ్మను లేపేవాడు. ఆ చీకట్లో ముప్పై నాలుగేళ్ళు ఆయన చూసింది ఆ రాయినే. కళ్ళు ఎక్కడ చూశాడు? పాడేటప్పుడు ఆమె కళ్ళు తెరిస్తే కదా! పాట మొదలైందంటే రెప్పలు వాలిపోయేవి, పాట అయిపోతే గాని లేచేవి కావు. నాలుగు నెలలుగా తెరిచిన కళ్ళ కోసం వెతికి వెతికి చస్తున్నాడు. లేనివి ఎలా దొరుకుతాయి?

“కదిరీ, పాడమ్మా. మీయమ్మ మొదట ఎత్తుకునేది పాడు.”

“ఈడనా నాయనా?”

“పాడమ్మా!”

కదిరమ్మ గొంతు సవరించుకుని ఎత్తుకుంది. కుళ్ళాయప్ప బొమ్మను బల్ల మీద పరిచి, ఉలి పట్టుకుని, బొటబొటా కన్నీళ్ళు కారుతుంటే తుడుచుకోకుండా, ఒక్క గీత కోశాడు. నెలవంకలాగా, కిందికి వంగిన సన్నటి గీత. అంతే. ఉలి కింద పెట్టేశాడు. ‘మూడు గంటల ఇరువది రెండు నిమిషములకు రోగి నేత్రముల నుండి ద్రవము స్రవించినది’ అని గుమాస్తా రాశాడు.

సర్వోత్తమరావుగారు వంగి చూశారు. “ఏదీ కన్ను?”

“అదే సార్. మూసుకోనుంది.”

“మూసుకొన్న కన్ను కన్నుగా పరిగణింపబడునా?” అని ఆయన నిత్యానందాన్ని అడిగారు. నిత్యానందం నిబంధనల పుస్తకం తిరగేసి, తెరిచి ఉండవలెనని ఎక్కడా లేదన్నాడు. అక్కడికక్కడే ధ్రువపత్రం రాసి బొమ్మను విడుదల చేశారు. అందరూ చప్పట్లు కొట్టారు. మస్తానయ్య అందరికంటే గట్టిగా కొట్టాడు.

ఆ సాయంత్రమే కారణం తేల్చడానికి కూర్చున్నారు. శిబిరంలో నలభై ఒక్కమంది ఉన్నారు, జలపాతం అందరూ ఊహించుకున్నారు, టీ అందరూ తాగారు. ఒక్కడికే నయమైంది. వాడికి జరిగి మిగతా నలభైమందికీ జరగనిదేమిటి? ఎంత వెతికినా ఒకటే కనిపించింది. వాడి పనికి పై ఎడమవైపు పంచ్ పడింది. ఇంతకంటే శాస్త్రీయంగా ఏ సర్కారు ఆఫీసులోనూ ఏదీ తేలి ఉండదు. రాత్రికి రాత్రే ఉత్తర్వు తయారైంది. “ఇకమీదట పూర్తికాని ప్రతి కళాఖండమునకు పై ఎడమవైపున ఒక రంధ్రము చేయవలెను.” రంగు ఆరని ఆయన చిత్రానికి మర్నాడే కొట్టేశారు. సరిగ్గా సూర్యుడి మధ్యలో పడింది. గొబ్బి పాటలామె నోటు పుస్తకానికి కొట్టారు. చౌడప్ప సన్నాయిని తిప్పి తిప్పి చూసి, దానికి రంధ్రాలు ఇదివరకే వరసగా ఉన్నందువల్ల ‘ముందస్తుగా చికిత్స పొందినది’ అని రాసి, ఆయన్ను వదిలేశారు. గాయకుల విషయంలో రంధ్రం ఎక్కడ చెయ్యాలో తెలపమని పైవారికి ఉత్తరం వెళ్ళింది. జిల్లాలోని గాయకులంతా ఆ రోజు నుంచీ ఆపకుండా పాడుతున్నారు.

పదహారో తేదీ దీపాలు పెట్టే వేళకు తుమ్మలకుంటపల్లి బడి ముందర తెర కట్టారు. ఊరంతా వచ్చింది. ముందు వరసలో కుర్చీలేసి విభాగం వాళ్ళు కూర్చున్నారు. ఆటకు ముందు రెండు మాటలు మాట్లాడతానని సర్వోత్తమరావుగారు లేచి, ముప్పావుగంట మాట్లాడారు.

“ఈ నాడు మీరు చూడబోవు బొమ్మలో తోలు కళాకారునిది, రంగు కళాకారునిది, నగలు కళాకారునివి. ఆ రంధ్రము మాత్రము ప్రభుత్వానిది!”

తెర వెనక కదిరమ్మ పళ్ళు కొరికింది. “విన్నావా నాయనా వాళ్ళ మాట? నోరెట్లొస్తాది వీళ్ళకి?”

“నిజమే గదమ్మా” అన్నాడు కుళ్ళాయప్ప, దీపం వత్తి ఎగదోస్తూ. “నేనైతే ఇంకో నూరేండ్లకు కూడా ఆ బెజ్జం పెట్టకపోదును. మా నాయన మాటొకటి పట్టుకోని కూచుంటి. ఆళ్ళకొక రూలు, నాకొక రూలు. కానీ, పాట ఎత్తుకో.”

దీపానికి ఎడం పక్కన, తల్లి కూర్చునే చోట కదిరమ్మ కూర్చుంది. కుళ్ళాయప్ప బొమ్మను తెరకు ఆనించి, గడ్డం పైకెత్తాడు. ముక్కు మీద చుక్క తళుక్కుమంది. పాట మొదలైంది.

“అయ్యో, అంజినమ్మ గదే!” అంది ముందు కూర్చున్న ముసలామె. “కొళాయి కాడ ఆ ముక్కుపుడక దినామూ చూస్తాంటిమి గదే!”

“కండ్లు మూసుకోనుందేమే?”

“పాడతాంది కదా.”

పాడేటప్పుడు అంజినమ్మ కళ్ళు మూసుకుంటుందని ఊరికి తెలియడం అదే మొదటిసారి. ఆడవాళ్ళు కొంగులు నోట్లో కుక్కుకున్నారు. తెర వెనక కుళ్ళాయప్ప ఏడుస్తూ నవ్వుతూ, చెయ్యి మాత్రం కదలనివ్వకుండా, బొమ్మను పట్టుకుని నిలబడ్డాడు. సర్వోత్తమరావుగారు గడియారం చూసుకున్నారు. ఆయన పక్కన నిత్యానందం ఒళ్ళో నివేదిక పత్రం ఉంది. ‘ప్రదర్శనము ఎట్లున్నది’ అన్న గడి దగ్గర కలం ఆనించి, తెరకేసి చూస్తూ అలాగే ఉండిపోయాడు.

ఆ నివేదిక ఆయన మర్నాడు రాస్తానన్నాడు. మర్నాడూ రాయలేదు. పైనుంచి అడిగితే “రావడం లేదు సార్” అన్నాడట. ఇంట్లో ఆ కాగితం ముందు పెట్టుకుని గోడకేసి చూస్తున్నాడని ఆయన భార్య చెప్పింది.

నిన్నటితో ముప్పై రోజులు దాటాయి. పంచింగ్ మిషన్ సంచిలో వేసుకుని మస్తానయ్య బయల్దేరాడు.